మూడు ఉత్తరాలు

"బోర్డు మీద ఆ పేరు ఎక్కడానికి వీల్లేదు. చచ్చిపోయినదాని పేరు తెచ్చి బతికున్నవాళ్ళ వరసలో రాస్తారా ఎక్కడైనా?"

చిన్నమామగారు దొక్‌సు ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. అన్నప్పుడల్లా గొంతు ఒక మెట్టు పైకి పోతోంది. చావు దగ్గర కూడా గొంతు తగ్గించుకోవడం తెలియని మనిషి. ఆసుపత్రి అడుగు అంతస్తులోని ఆ అంత్యక్రియల హాల్లో, పొట్టిబల్లల ముందు కూర్చుని కారం పులుసులో అన్నం కలుపుకుంటున్న చేపల బజారు ఆడవాళ్ళు చెంచాలు ఆపి ఇటు చూశారు.

ఆ చచ్చిపోయిన మనిషేమో గుమ్మం దగ్గర, చెప్పుల వరస పక్కన నిలబడి ఉంది.

యాభై ఏళ్ళుంటాయి. నల్లకోటు, గుండెకు హత్తుకుని పట్టుకున్న ప్లాస్టిక్ ఫైలు. పేరు హెల్లె. డెన్మార్కులో పెరిగింది. నలభై ఎనిమిదేళ్ళ కిందట, తండ్రి పడవతో సహా సముద్రంలో కలిసిపోయిన ఏడు, తల్లి చేపలమ్మడానికి బజారుకెళ్ళిన పూట చూసి, ఆ తండ్రి తమ్ముడైన ఈ దొక్‌సు మామగారే రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని వెళ్ళాడు. పరదేశాలకు పిల్లల్ని పంపే ఆఫీసులో అప్పజెప్పి వచ్చాడు. ఆ తర్వాత సర్కారు కుటుంబ పుస్తకంలో పిల్ల పోయినట్టు రాయించేశాడు. ఇంట్లో అందరికీ తెలుసు. నోరెత్తినవాళ్ళు మాత్రం లేరు.

నిన్న ఉదయం ఆ తల్లి బున్‌నం ఎనభై ఒకటో ఏట కన్నుమూసింది. హెల్లె తన చిన్నప్పటి ఫొటోను బజారు గోడల మీద అంటించి వెళ్ళి వారమైంది. అది చూసి పోల్చుకున్న ఒక ముసలావిడ నిన్న సాయంత్రం ఫోను చేసి రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పేసింది. మీ అమ్మ దొరికింది, మీ అమ్మ పోయింది.

"పేరు రాయకపోయినా పరవాలేదండి," అంది హెల్లె. మూడేళ్ళుగా సియోల్లో ఉండి నేర్చుకున్న భాష. ఒక్కో మాటా ఆచితూచి వేస్తుంది. "ముఖం ఒక్కసారి చూస్తాను. చూసి వెళ్ళిపోతాను. ఇంకేమీ అడగను."

"మొదట అందరూ అలాగే అంటారు. రేపు ఇల్లు కూడా ఒక్కసారి చూస్తానంటావు. ఎల్లుండి వాటా చూపించమంటావు."

"ఏమయ్యా దొక్‌సూ!" బల్ల దగ్గర్నుంచి ఒక ముసలావిడ అందుకుంది. "ఆ చెవులు చూసి మాట్లాడు. అచ్చం బున్‌నం చెవులు కావూ అవి?"

"నువ్వు పులుసు తాగక్కా, చల్లారిపోతుంది."

"పులుసు ఎక్కడికీ పోదులే. నీ బుద్ధే ఇన్నేళ్ళైనా చల్లారలేదు."

ఇంకో రోజైతే కోడలు బొక్‌హీకి ఈ మాటకు నవ్వొచ్చేది. ఇప్పుడు వంటగది గుమ్మంలో, చేతిలో ట్రేతో, కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోయింది. గోడ గడియారం పన్నెండు దాటింది. ఒంటిగంటకు అత్తగారిని పెట్టెలో పెడతారు. మూత వేసేముందు ఇంటివాళ్ళను లోపలికి పిలిచి ముఖం చూపిస్తారు. మూత పడ్డాక ఇక ఆ ముఖం ఎవరికీ లేదు. లోపలికి రానిచ్చేది గుమ్మం పక్కన టీవీలా వెలుగుతున్న ఆ బోర్డు మీద పేరున్నవాళ్ళనే. కొడుకు ప్యో గిచొల్. కోడలు నో బొక్‌హీ. అంతే, రెండే పేర్లు.

గిచొల్ తల్లి ఫొటో పక్కన, తెల్ల చామంతుల ముందు, సంతాపానికి గుర్తుగా చేతికి గుడ్డపట్టీ కట్టుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు వంగి దణ్ణం పెట్టడం, మళ్ళీ కూర్చోవడం, పొద్దుటి నుంచి అదే పని. తండ్రి పోయాక ఫీజులు కట్టి చదివించింది చిన్నాన్నే కాబట్టి చిన్నాన్న ముందు ఆయనకు నోరు లేవదు. యాభై అయిదేళ్ళొచ్చినా అంతే.

హెల్లె ఫైలు తెరిచి ఒక కాగితం తీసింది. "ఇది నా కుటుంబ పత్రం. నన్ను పంపించడానికి తయారుచేశారు. ఇందులో ఉన్నది నేనొక్కదాన్నే. రెండేళ్ళ పిల్లని, ఆ కుటుంబానికి పెద్దని కూడా నేనే. తల్లి గడి ఖాళీ. తండ్రి గడి ఖాళీ." కాగితాన్ని గిచొల్ వైపు చాపింది. "ఆ ఖాళీలో ఒక ముఖం ఉందని చూసుకుంటే చాలండి నాకు. దండం పెడతాను."

గిచొల్ మొదటిసారి తలెత్తాడు.

"నిన్ను పంపిన ఆఫీసువాళ్ళు అమ్మకు ఉత్తరాలు పంపారని ఇందాక అన్నావు కదూ?"

"అవును. మూడు."

"ఇంటికి చేరాయా?"

"చేరాయి. రిజిస్టరు ఉత్తరాలు. సంతకం చేసి తీసుకున్నారని ఆఫీసువాళ్ళే చెప్పారు."

"మరి జవాబు?"

హెల్లె కాగితాన్ని మడిచింది. మడిచినదాన్నే మళ్ళీ మడిచింది. "రాలేదు. అమ్మకు ఇష్టం లేదని అర్థమట. అమ్మ వివరాలు వాళ్ళ ఫైల్లోనే ఉన్నాయి, నాకు ఊరి పేరొక్కటే చెప్పారు. మూడుసార్లు అడిగి ఫైలు మూసేశారు."

బొక్‌హీ ట్రేను ఇంకో చేతికి మార్చుకుంది.

"అదీ సంగతి!" చిన్నమామగారు తొడ చరిచాడు. "విన్నారా అందరూ? మా వదినే వద్దనుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. బతికుండగా నిన్ను చూడనన్న మనిషిని, ఇప్పుడు కాదనడానికి నోరు లేని వేళ చూసి, లోపలికి దూరి చూస్తావా? ఇదేనా నీకు ఆ దేశంలో నేర్పిన మర్యాద?"

ముసలావిడ చెంచా తీసుకుని పులుసు వైపు తిరిగింది. గిచొల్ మళ్ళీ తల దించుకున్నాడు.

హెల్లె ముఖంలో రక్తం ఇంకిపోయింది. పొద్దుటి నుంచి ఎన్ని మాటలన్నా కదలని మనిషి, ఈ ఒక్క మాటతో లోపల్నుంచి కూలిపోయినట్టయింది.

"నిజమే," అంది చివరికి. "నేను ఆలోచించలేదు. ఆమె వద్దన్నప్పుడు... నేను చూడకూడదు."

గుమ్మం దగ్గర్నుంచే ఫొటో వైపు తిరిగి, నేల మీద మోకరిల్లి, నుదురు చేతులకు ఆనించి రెండుసార్లు దణ్ణం పెట్టింది. ఎవరు నేర్పారో గాని, తప్పు లేకుండా పెట్టింది. లేచి బూట్లు వేసుకోవడానికి కూర్చుంది.

బొక్‌హీ ఆ బూట్ల వైపే చూస్తూ నిలబడింది.

ఆ మూడు ఉత్తరాలకూ సంతకం చేసింది తనే.

మొదటిది నిరుడు చలి మొదలైనప్పుడు వచ్చింది. ఆ నెలలోనే అత్తగారికి గుండె ఆపరేషను అయింది. ఉలిక్కిపడే వార్తలేవీ చెవిన వేయొద్దని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట పట్టుకుని బొక్‌హీ తనకు తాను ఎంత నచ్చజెప్పుకుందో లెక్కలేదు. కానీ డాక్టరుగారి మాట సాకు మాత్రమే. ఆ సంగతి ఆమెకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

పెళ్ళై వచ్చి ఇరవై ఏడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు అత్తగారు ఆమెను పేరు పెట్టి గాని, వరస పెట్టి గాని పిలిచిన పాపాన పోలేదు. "ఇదిగో", "ఏమే", అంతే. ఉప్పెక్కువైందనో, అడుగు చప్పుడైందనో ఏదో ఒక సణుగుడు. ఆపరేషనయ్యాక, ఒళ్ళు తుడిచి, దుస్తులు మార్చి, పిల్లకు పెట్టినట్టు జావ నోట్లో పెడుతుంటే, ఒకరోజు ఆవిడ బొక్‌హీ చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, కూతురు లేని లోటు తీర్చావే నాకు," అంది. ఆ రోజు వంటగదిలో నీళ్ళ కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది బొక్‌హీ.

సరిగ్గా వారానికి కూతురి ఉత్తరం వచ్చింది. కూతురొస్తే కోడలు మళ్ళీ కోడలైపోతుంది. ఇంత చిన్న భయానికి అంత పెద్ద పని చేసింది.

ఇప్పుడైనా నోరు తెరవాలి. తెరిస్తే, ఇరవై ఏడేళ్ళ కాపురం ఏమవుతుందో తెలియదు. తెరవకపోతే, ఆ మనిషి కన్నతల్లి తనను మూడుసార్లు కాదందని నమ్ముకుంటూ వెళ్ళిపోతుంది. ఆ నమ్మకంతోనే బతుకుతుంది, ఆ నమ్మకంతోనే పోతుంది.

ట్రే అక్కడే కింద పెట్టి గబగబా గుమ్మం దాటింది. హెల్లె అప్పటికే బయట వరండాలో, కాఫీ మిషను పక్కన గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. బూటు తాడు ఒకటి కట్టలేదు.

"అన్నం... అన్నం తిని వెళ్ళండి," అంది బొక్‌హీ. నోటికి ఆ మాటే వచ్చింది. "ఇక్కడిదాకా వచ్చి తినకుండా వెళ్ళకూడదు."

హెల్లె ఆమె వైపు తిరిగింది. "మీరు మంచివారు. లోపల నన్ను ఒక్క మాట కూడా అననిది మీరొక్కరే."

బొక్‌హీకి తల కొట్టేసినట్టయింది.

"మీరు ఆమెతో ఇన్నేళ్ళున్నారు కదా. ఒక్క మాట అడుగుతాను. అమ్మకు నా మీద కోపం ఉండేదా? ఎందుకు వద్దంది?"

చెప్పడానికి ఇంతకంటే మంచి వేళ దొరకదు. బొక్‌హీ నోరు తెరిచింది. బయటికొచ్చింది మాత్రం వేరే మాట. "కోపమని కాదు... పెద్దావిడ కదా, పాత సంగతులు తవ్వుకోవడం ఇష్టం ఉండేది కాదు."

అన్నాక తన నాలుక తనదేనా అనిపించింది.

"అర్థమైంది," అంది హెల్లె. నెమ్మదిగా తలూపింది. "ఆమె ఆ బాధ మరిచిపోయిందేమో. మంచిదే. నేను వచ్చి మళ్ళీ లేపుదామనుకున్నాను. చాలా తప్పు." ఫైలు చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

హాలు లోపల్నుంచి, శవాన్ని సిద్ధం చేసే మ్యోంగ్ గారు పిలవడం వినబడింది. "టైమైందండి. ఇంటివాళ్ళు రండి. కొడుకుగారూ, కోడలుగారూ."

కోడలుగారు కదల్లేదు. మెట్లెక్కుతున్న ఆ నల్లకోటు వీపును చూస్తూ ఉంది. సగం ఎక్కాక హెల్లె ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుంది. అత్తగారు కూడా ఆఖరి రోజుల్లో మెట్లెక్కుతూ సరిగ్గా అలాగే ఆగేది.

"ఆవిడ చూడలేదు!"

ఆ కేక తనదేనని బొక్‌హీకి కాస్త ఆలస్యంగా తెలిసింది. హెల్లె వెనక్కి తిరిగింది.

"ఏది?"

"ఉత్తరాలు. ఒక్కటీ చూడలేదు. సంతకం చేసింది నేను. దాచింది నేను. మూడూ నేనే."

హెల్లెకు భాష అర్థం కాలేదో, అర్థమై నమ్మలేకపోయిందో, కళ్ళార్పకుండా చూసింది. "ఆమె... వద్దనలేదా?"

"ఆవిడకు తెలిస్తే కదా వద్దనడానికి! మీరు బతికున్నారని కూడా తెలియదు ఆవిడకి. ఇందాక చెప్పింది కూడా అబద్ధమే. కొట్టండి, తిట్టండి, ఏమైనా చెయ్యండి. కానీ మీ అమ్మ మిమ్మల్ని కాదనలేదు. ఆ మాట మాత్రం పట్టుకుని వెళ్ళొద్దు."

హెల్లె మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. బొక్‌హీకి దానికంటే చెంపదెబ్బే నయమనిపించింది.

"టైము ఎంత?" అంది హెల్లె.

"ఒంటిగంట."

"పదండి."

లోపలి గది తలుపు దగ్గర చిన్నమామగారు అడ్డంగా నిలబడ్డాడు. "మళ్ళీ ఎందుకొచ్చావు? కోడలా, నీకేమైనా మతిపోయిందా?"

"ఉత్తరాలు నేను దాచాను, మామయ్యా," అంది బొక్‌హీ. చెప్పింది ఆయనతోనే గాని, చూసింది ఆయన భుజం మీదుగా భర్త వైపు. "అత్తయ్యకు ఒక్కటీ ఇవ్వలేదు. ఆవిడ ఎవర్నీ వద్దనలేదు. అంతా నేనే చేశాను."

గిచొల్ భార్యను చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేది. బజారులో ఎవరో తెలియని మనిషి అడ్డొస్తే చూసినట్టు చూశాడు. తర్వాత చిన్నాన్న వైపు తిరిగాడు.

"జరగండి, చిన్నాన్నా."

"ఏమిట్రా?"

"జరగండి."

పుట్టి బుద్ధెరిగాక ఆయన చిన్నాన్నతో అలా మాట్లాడటం ఇదే మొదలు. దొక్‌సు మామగారు పక్కకు జరిగాడు.

గదిలో చల్లగా ఉంది. అత్తగారికి జనపనార బట్టలు కట్టి, పెట్టెలో పడుకోబెట్టారు. ముఖం ఒక్కటే కనబడుతోంది. బతికున్నప్పటి కంటే చాలా చిన్నదైపోయింది. తల దగ్గర మ్యోంగ్ గారు చేతులు కట్టుకుని నిలబడింది.

హెల్లె దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. నుదురు, చెవులు, పైపెదవి మీది చిన్న మడత, ఒక్కోదాన్నీ విడిగా చూసింది. మళ్ళీ మొదటికొచ్చి అన్నీ చూసింది. తాకలేదు.

"చెప్పుకోవాలనుకున్నది చెప్పుకోండి," అంది మ్యోంగ్ గారు.

హెల్లె నోట ఏదో మాట వచ్చింది. ఆమె పెరిగిన భాషలో మాట. ఆ గదిలో ఎవరికీ తెలియని మాట. తల్లికి అసలే తెలియని మాట. ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఈ మూడేళ్ళు నేర్చుకున్న భాషలో ఒక్క ముక్క కూడా రాలేదు. బొక్‌హీ వైపు తిరిగింది.

"ఉత్తరం ఇవ్వండి," అంది. "నేను డేనిష్‌లో రాశాను. ఎవరో మీ మాటల్లోకి మార్చారు. అది చదువుతాను."

"లేదు." బొక్‌హీ తల అడ్డంగా ఊపింది. "చింపేశాను. మూడూ."

గిచొల్ కళ్ళు మూసుకున్నాడు.

"చదివారా?"

"మొదటిది చదివాను. బియ్యం డబ్బాలో దాచుకుని... చాలాసార్లు చదివాను. రెండోదీ అదే, నకలు పంపారు."

"గుర్తుందా?"

"ఉంది."

"అయితే మీరు చెప్పండి. నాకు కాదు. ఆమెకు."

బొక్‌హీ అత్తగారి తల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు అరచేతులూ నేలకు ఆనించింది. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టింది.

"అమ్మా, నేను బాగున్నాను. ముందుగా ఆ సంగతి చెప్పాలని రాస్తున్నాను. నన్ను పెంచినవాళ్ళు మంచివాళ్ళు. నేను బడిలో పిల్లలకు చదువు చెబుతాను. నాకు మీ మీద కోపం లేదు. చిన్నప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు." అక్కడ ఆగింది. "చేపల వాసన వస్తే నాకు ఎందుకో నిద్ర వస్తుంది. అందరూ నవ్వుతారు. దానికి కారణం మీకు తెలుసేమో అడగాలనుంది. కాగితాల్లో ఉన్న పేరు నన్ను పంపేటప్పుడు ఆఫీసువాళ్ళు పెట్టిందట. మీరు నన్ను ఏమని పిలిచేవారు? ఆ ఒక్కటి చెబితే చాలు, ఇంకేమీ..."

"మల్‌సుక్."

అన్నది గిచొల్. గోడకు ఆనుకుని, ఎవర్నీ చూడకుండా అన్నాడు.

"మల్‌సుక్ అని పిలిచేది. నువ్వు... నిన్ను వీపున కట్టుకునే చేపలు కోసేది అమ్మ. ఆ వాసనలోనే నిద్రపోయేదానివి. అమ్మ సరుకుకు వెళ్తే నేను ఎత్తుకునేవాణ్ణి. నాకు ఏడేళ్ళు. ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి..." చెప్పలేక చేతిపట్టీతో ముఖం తుడుచుకున్నాడు.

"మల్‌సుక్," అంది హెల్లె. ఇంకోసారి అంది. తల్లి చెవి దగ్గర వంగి, తనను తాను పరిచయం చేసుకుంటున్నట్టు మూడోసారి అంది. అప్పుడు ఏడ్చింది. తలుపు అవతల చిన్నమామగారి దగ్గు వినబడింది, తర్వాత అదీ ఆగిపోయింది.

కాసేపయ్యాక హెల్లె ముఖం తుడుచుకుని బొక్‌హీ వైపు చూసింది.

"మూడోది కూడా చెప్పండి."

బొక్‌హీ నేల చూస్తూ అంది. "అది... నేను విప్పలేదు. కవరుతోనే చింపేశాను."

"విప్పలేదా."

"లేదు."

"అందులో ఎక్కువ లేదు." హెల్లె గొంతు ఇప్పుడు చాలా మామూలుగా ఉంది. "జవాబు రాయడం కష్టమైతే రాయొద్దని రాశాను. ఏప్రిల్ పద్నాలుగున నేను ఈ గున్‌సాన్ ఊరి స్టేషన్లో, టికెట్టు కిటికీ ఎదురు బెంచీ మీద కూర్చుంటానని రాశాను. దూరం నుంచి చూసి వెళ్ళిపోయినా చాలన్నాను. పొద్దున పది నుంచి ఆఖరి రైలు దాకా కూర్చున్నాను. పెద్దావిడ ఎవరు లోపలికి వచ్చినా లేచి నిలబడ్డాను."

స్టేషను ఇంటికి బస్సులో ఇరవై నిమిషాలు.

"వదినా," అంది హెల్లె. ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. "ఆ రోజు అమ్మ ఏం చేస్తోంది?"

బొక్‌హీకి గుర్తుంది. గుర్తు లేకపోతే ఎంత బాగుండేది. ఏప్రిల్ పద్నాలుగు తన పుట్టినరోజు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి అత్తగారు తెల్లారే లేచి, వణికే చేతులతో, ఆమె కోసం సముద్రపు నాచు పులుసు కాచింది. పిల్లను కన్న తల్లి తాగే పులుసు, పుట్టినరోజున ఆ పిల్లకు పెట్టే పులుసు. పెట్టి, ఊదారంగు స్వెట్టరు వేసుకుని వరండాలో కూర్చుని, "అమ్మాయ్, గాలి బాగుందే. బస్సెక్కి ఎటైనా వెళ్దామా?" అంది. ఈ పూటకు ఇది చాలు అత్తయ్యా, ఇంకోరోజు వెళ్దాం అని బొక్‌హీ నవ్వింది. తన బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.

"ఇంట్లోనే ఉంది," అంది. దాచడానికి ఇక ఓపిక లేదు. "నా పుట్టినరోజని పులుసు కాచింది. ఎటైనా తీసుకెళ్ళమని అడిగింది. నేనే వద్దన్నాను."

మ్యోంగ్ గారు మూత మీద చెయ్యి వేసి, "వేసేయమంటారా?" అని మెల్లగా అడిగింది.

"వద్దండి. కాసేపు ఆగండి." హెల్లె, తల్లి తల పక్కకు వచ్చింది. బొక్‌హీ కూర్చున్న చోటే కావాలన్నట్టు, ఆమె లేచేదాకా చూసి, అక్కడ నేల మీద కూర్చుంది. "మీరు బయటికి వెళ్ళండి, వదినా. మీకు ఇరవై ఏడేళ్ళు దొరికాయి. నాకు ఈ మూత పడేదాకానే."

బొక్‌హీ భర్త వైపు చూసింది. గిచొల్ తలెత్తకుండా వెళ్ళి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.